పంటి కింద శనగ

"కర్నూలు డాక్టరు రెండూ పీకేయాలన్న్యాడు. ఈ కడప డాక్టరమ్మ ఏమంటాదో ఏమో!"

రామకోటయ్య ఎడమ దవడ పట్టుకుని, పళ్ల ఆస్పత్రి బెంచీ మీద పక్కన కూర్చున్న మనిషికి చెప్పుకున్నాడు.

ఎవరో తెలియదు. చొక్కా చేతుల మీద తెల్లటి దుమ్ము, ఒళ్లో స్టీలు డబ్బా. వినేవాడు దొరికాడు, అదే పదివేలు.

బనగానపల్లెలో రామకోటయ్యది శనగల మండీ. నలభై ఏళ్లుగా గింజను పంటి కింద వేసి తేమ చెప్పేవాడు. కటుక్కుమంటే ఎండినట్టు, కసుక్కుమంటే పచ్చి. ఆ మాటకు ఏ రైతూ ఎదురు చెప్పేవాడు కాదు.

దవడ పళ్లు ఊడాక కొడుకు ప్రదీప్‌కుమార్ తేమ చూసే మిషను తెచ్చిపెట్టాడు. అప్పటినుంచి రైతులంతా కొడుకు చుట్టూ. తండ్రి ఓ మూల కుర్చీలో.

శనగలున్నప్పుడు పళ్లు లేవన్న సామెత తనకోసమే పుట్టిందని కుమిలిపోయాడు. పట్టుబట్టి, ఎడమవైపు కింద, ఎముకలో మర బిగించి పైన క్యాపు తొడిగే ఇంప్లాంట్లు రెండు వేయించుకున్నాడు.

నాలుగు నెలలు బాగున్నాయి. అయిదో నెల నుంచి ఒకటే పోట్లు.

"పీకితే మళ్లా ఎప్పుడు పెడతారో, అసలు పెడతారో లేదో గూడా చెప్పల్యాదప్పా," అన్నాడు రామకోటయ్య.

"నోరు ఒకసారి తెరుస్తారా అయ్యా?" అన్నాడు ఆ మనిషి.

నొప్పి ఉన్నవాడికి మొహమాటమేముంది? తెరిచాడు.

ఆ మనిషి అతని తలను కిటికీ వెలుతురుకేసి తిప్పి, వంగి చూశాడు.

"శనగలు కొరుకుతాండారు కదయ్యా?"

రామకోటయ్య ఉలిక్కిపడ్డాడు. గట్టివి కొరకొద్దని కర్నూల్లో కాగితం రాసిచ్చారు. కొరుకుతున్న సంగతి ఏ డాక్టరుకూ చెప్పలేదు. పళ్లు పెట్టించుకున్నదే అందుకైతే, కొరకొద్దంటే ఎట్లా?

"నీకెట్ల తెలుసు?"

"క్యాపుల మీద గాట్లు పడిండాయి. లోపల ఇంప్లాంట్లు గట్టిగానే ఉండాయయ్యా. పైన క్యాపు వెంట్రుకంత ఎత్తుండాది. అది అరగదీసి, మీరు గింజ మానేస్తే చాలు. పీకే పనే ల్యాదు."

"నువ్వు డాక్టరువా?"

"కాదయ్యా. పండ్ల పని చేస్తాండా. కర్నూలు నుంచి..."

"పండ్ల పనా? బస్టాండు ముందర గుడ్డ పరుచుకుని కట్టుడు పండ్లు అమ్మేటోడివా?"

బెంచీల మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. ఆ మనిషి తల దించుకున్నాడు.

రామకోటయ్యకు మాత్రం మంట చల్లారలేదు. గింజ మానేయమన్న మాట పుండు మీద కారం చల్లినట్టయింది.

"నలభై ఏండ్లు కొరికినోణ్ణి. నాకు చెప్తావా నువ్వు? చూడు!"

జేబులో చెయ్యి పెట్టాడు. మండీ మనిషి జేబులో నమూనా గింజలు లేకపోవడమనేది ఉండదు.

"వద్దయ్యా! ఆ పక్క వద్దు!" ఆ మనిషి చెయ్యి పట్టుకోబోయాడు.

రామకోటయ్య విదిలించుకుని, శనగ గింజను ఎడమవైపు వేసి కసిగా కొరికాడు.

కటుక్కుమంది.

గింజ కాదు.

రామకోటయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మనిషి తన దవడే పగిలినట్టు చేత్తో బుగ్గ పట్టుకున్నాడు. తర్వాత డబ్బాను నర్సు రత్నమణి చేతిలో పెట్టి, ఏదో చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

డాక్టర్ శ్రీవిద్య కొత్త ఎక్స్‌రే తీయించి, రామకోటయ్య తెచ్చుకున్న పాతదాని పక్కన పెట్టింది.

"ఇది పోయిన వారం తీసింది. ఎముక బాగుంది, ఇంప్లాంట్లూ బాగున్నాయి. తేడా ఉన్నది పై క్యాపులోనే. కర్నూల్లో తొందరపడినారు. కానీ ఇప్పుడు లోపలి ఇంప్లాంటే చీలింది. తీయక తప్పదు."

"మళ్లా పెట్టొచ్చు కదమ్మా?"

"తీస్తే ఎముక శానా పోతుంది. మెత్తటి తిండికి పళ్లసెట్టు చేయిస్తా. గింజ కొరికే మాట మరిచిపోండి."

రామకోటయ్యకు మండీలో మూలనున్న కుర్చీ కళ్ల ముందు కదిలింది.

డాక్టరమ్మ గోడ గడియారం చూసింది.

"ఇంకొకరి మాట కూడా కావాలని ఫోన్లో అడిగినారు కదా. నాకంటే బాగా చెప్పే మనిషి ఒకాయన ఉన్నాడు. మీకోసమే పిలిపించినా. పొద్దున్నే కర్నూల్లో బస్సెక్కినానన్నాడు. ఇంకా రాలేదే!"

రత్నమణి లోపలికొచ్చి స్టీలు డబ్బా బల్ల మీద పెట్టింది.

"మేడమ్, ఒకాయన ఇది మీకియ్యమన్న్యాడు. ఇంక తనతో పని ల్యాదని చెప్పి పోయినాడు."

డాక్టరమ్మ మూత తీసింది. లోపల ఒక చిన్న ఆకురాయి. దాని పక్కన, దూదిలో, ప్లాస్టరుతో పోసిన కింది దవడ అచ్చు. ఎడమవైపు చివరి రెండు పళ్ల మీద, ఎక్కడ అరగదీయాలో ఎర్ర పెన్సిలు గుర్తులు.

రామకోటయ్య నాలుక తనంతట తానే ఆ రెండు పళ్ల మీదికి పోయింది.

అచ్చు అడుగున గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "రామకోటయ్యగారు, బనగానపల్లె. ఎడమ కింద రెండు పండ్లు. చేసినది, ఏసేపు."