ఎదుటివాడి కళ్ళు

టార్లోవీ ఊరి పెట్రోలు బంకులో ఎవరో ముసలాయన రైతు డార్సీ నోస్కె నడిపే యూట్ అనే చిన్న ట్రక్కు ముందు వంగి, హెడ్‌లైట్లలోకి తొంగి చూస్తున్నాడు.

"ఏం పోగొట్టుకున్నావయ్యా అందులో?" అన్నాడు డార్సీ.

ముసలాయన నడుము నిలబెట్టి, ఈ బల్బులు ఎప్పుడు వేయించావని అడిగాడు.

పోయినేడు కోతలప్పుడు తనే వేసుకున్నానని డార్సీ గొప్పగా చెప్పాడు. ఆన్‌లైన్లో కొన్న ఎల్ఈడీలు. గోధుమలు నిలవచేసే సైలో గోదాముకు పోయే రోడ్డు మీద పొద్దువాలితే చాలు, కంగారూలు అడ్డం పడతాయి. ఇవి వేశాక అల్లంత దూరాన ఉండగానే కనబడుతున్నాయి.

"ఈ దీపం హాలోజన్ బల్బు కోసం చేసింది అబ్బాయ్. ఇందులో ఇవి పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. పైగా ఒకటి ఆకాశంలోకి చూస్తోంది."

"నాకు కంగారూ కనబడితే చాలు. ఎదుటివాడి కళ్ళు వాడి గొడవ."

ముసలాయన మరోసారి ఆ దీపాల వైపు చూసి వెళ్ళిపోయాడు.

ఆయన పేరు లయల్ అనీ, చక్రాల ఇళ్ళు నిలుపుకునే క్యారవాన్ పార్కులో దిగాడనీ, సాయంత్రమయ్యేసరికి సైలో మలుపులో మడత కుర్చీ వేసుకుని వచ్చే పోయే బండ్లను చూస్తూ కూర్చుంటాడనీ డార్సీకి తర్వాత తెలిసింది.

ఆ వారమే కాన్‌స్టేబుల్ టెగన్ డార్సీని ఆపింది. ఆ బల్బులు చట్టం ఒప్పుకోనివని చెప్పి, ముందు అద్దానికి స్టిక్కరు అంటించింది. సరైనవి వేసి చూపించేదాకా బండి రోడ్డెక్కకూడదు.

కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. డార్సీకి ఒళ్ళు మండిపోయింది. చాడీ చెప్పిందెవరో వేరే అడగాలా?

ఆ ముసలాడికి ఈ ఊళ్ళో మంచినీళ్ళు కూడా పుట్టకుండా చేస్తానని పబ్బులో అందరి ముందూ అన్నాడు.

అన్నంత పనీ చేశాడు.

పబ్బులో లయల్‌కు ఎవరూ పక్కన చోటివ్వలేదు. బేకరీలో మాంసం కూరిన రొట్టెలు అడిగితే అయిపోయాయన్నారు. అద్దాల వెనక అవి పొగలు కక్కుతూనే ఉన్నాయి. క్యారవాన్ పార్కు గ్లెనిస్‌ది. ఆమె డార్సీకి పిన్ని. వారాంతానికి ఖాళీ చెయ్యమంది.

డార్సీకి అదీ చాలలేదు.

ఒక ఉదయం ట్రాక్టరు తొట్టి నిండా గొర్రెల పెంట తెచ్చి ఆయన క్యారవాన్ తలుపుకు అడ్డంగా కుమ్మరించాడు. ముసలాయన కిటికీలోంచి ఎలాగో దిగి, ఎవరినో అడిగి పార తెచ్చుకుని, ఎండలో ఒక్కడే ఎత్తిపోసుకున్నాడు. డార్సీ కంచె అవతల నిలబడి తనివితీరా చూశాడు. ఆ పూట భోజనం అతనికి ఎంతో రుచిగా ఉంది.

మర్నాడు లయల్ చిన్న అట్టపెట్టెతో డార్సీ షెడ్డుకు వచ్చాడు.

నీ దీపానికి సరిపడే నంబరు బల్బులే తెచ్చాను, ఆమోదం ముద్ర కూడా ఉంది చూసుకో, అన్నాడు.

దారికొచ్చాడు, అనుకున్నాడు డార్సీ. అందుకే వద్దనలేదు. చేతులు కట్టుకుని నిలబడి, పని చేయించుకున్నాడు.

ముసలాయన పాతవి ఊడదీశాడు. గాజుకు వేలు తగలకుండా కొత్తవి బిగించాడు. బండిని గోడకు ఎదురుగా పెట్టి, వెలుగు కిందికి దిగేదాకా మరలు తిప్పాడు. పనంతా అయ్యాక దీపం మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

పాత బల్బులు తీసుకుపోవచ్చా అని అడిగాడు.

"తీసుకో. వాటితో పాటు ఊరు కూడా వదిలిపెట్టు. మళ్ళీ కనబడ్డావంటే ఈసారి పెంట లోపలే పోస్తా."

లయల్ అతని ముఖంలోకి చూశాడు. పాత బల్బులు అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రెండు రోజులాగి టెగన్ బండి పరీక్షించడానికి షెడ్డుకు వచ్చింది. దీపాలు వేసి చూసి, బాగున్నాయంటూ స్టిక్కరు పీకేసింది.

నీకు చాడీలు మోసినవాణ్ణి ఊరు దాటించానని డార్సీ నవ్వాడు.

"నాకెవరూ చెప్పలేదు డార్సీ. నువ్వు ఎదురొచ్చినప్పుడు నాకే కళ్ళు మూసుకుపోయాయి."

డార్సీ నవ్వు ఆగిపోయింది.

పోయినేడు కోతలప్పుడు సైలో రోడ్డు మీద కారు చెట్టుకు కొట్టుకుని చనిపోయిన టీచరు ఇమొజెన్ గుర్తుందా అని ఆమె అడిగింది. గుర్తుంది. నిద్రలో తూలి ఉంటుందని ఊరంతా అనుకున్నారు.

"నిద్ర కాదు. స్పీకర్ పెట్టుకుని వాళ్ళ నాన్నతో మాట్లాడుతోంది అప్పుడు. ఎదురుగా ఏదో యూట్, తెల్లటి వెలుగు, ఒక దీపం మరీ పైకి కొడుతోంది, ఏమీ కనబడటం లేదు నాన్నా, అంది. అంతే. ఆ నాన్నే లయల్. బండి దొరికితే నడిపినవాణ్ణి చంపి జైలుకు పోతానని వచ్చిన రోజే నాతో అన్నాడు."

డార్సీ తన బండి హెడ్‌లైట్ల వైపు చూశాడు.

"దొరికిందా?"

"వెళ్ళిపోయే ముందు స్టేషనుకు వస్తే నేనూ అదే అడిగాను," అంది టెగన్, స్టిక్కరును గుప్పిట్లో నలుపుతూ. "దొరికింది, బల్బులు మార్చేసి వచ్చాను, అన్నాడు."