డ్వేన్ పోషించే ఇద్దరు

"నా పేరు మాత్రం రాయకు నాన్నా," అంది హేలీ, లాప్‌టాప్ మీద చెయ్యి అడ్డం పెట్టి.

డ్వేన్ కూతురి చెయ్యి తీసి పక్కన పెట్టాడు. పన్ను రిటర్నులో 'మీ మీద ఆధారపడి బతికేవారు' అన్న చోటికి వచ్చాడతను. తల్లి వెర్నా పేరు అప్పుడే ఎక్కించేశాడు. ఇక మిగిలింది ఇరవయ్యేళ్ళ కూతురు.

"పోయినేడు కూడా రాశావు. ఏమైంది? ప్రభుత్వం పంచిన కరోనా సాయం చెక్కు నాకూ రాలేదు, నా తరఫున నీకూ రాలేదు. పదహారు దాటిన డిపెండెంటుకి పైసా కూడా ఇవ్వబోమన్నారు."

"అది పోయినేడు. ఈసారి ముసలీ ముతకా అందరికీ ఇస్తున్నారు. తలకి పద్నాలుగొందల డాలర్లు. ఎవరు పేరు రాస్తే వాళ్ళకి."

"రాయకపోతే నేరుగా నాకే వస్తుంది కదా. గేర్‌బాక్స్ పోయి నా కారు షెడ్డులో పడుంది. వాళ్ళ కార్లూ వీళ్ళ కార్లూ బతిమాలి ఎక్కి గిడ్డంగిలో పనికి వెళ్తున్నా. ఇంకో నెల ఇలాగే ఆలస్యంగా వెళ్తే ఉద్యోగం పీకేస్తారు."

"ఈ ఇంట్లో ఉన్నంతకాలం నువ్వు నా పోషణలో ఉన్నట్టే."

"పోషణా? పద్దెనిమిది నిండిన రోజు కేకు కోయించావు, మర్నాటి నుంచి అద్దె కట్టమన్నావు. నెలకి మూడొందలు కడుతున్నా. ఫ్రిజ్‌లో నా పాల డబ్బా మీద పేరు రాసి పెట్టుకుంటున్నా. అది కూడా నువ్వే తాగేస్తున్నావు."

"అద్దె నీకు బాధ్యత నేర్పడానికే. మా నాన్న నాకూ అలాగే నేర్పాడు."

"నేర్చుకున్నావా మరి?"

డ్వేన్ లాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. బాధ్యత గురించి అతనికి తెలియనిది లేదు. ఆరేళ్ళుగా బార్బెక్యూ సాస్ వ్యాపారం మొదలుపెట్టబోతున్నాడు. సీసా మీద అతికించే బొమ్మ కూడా సిద్ధంగా ఉంది, సాసే ఇంకా కుదరలేదు. ఆక్రన్ ఊళ్ళో ఏ బారుకెళ్ళినా, ఇద్దరు ఆడవాళ్ళని ఒంటిచేత్తో పోషిస్తున్నానని చెప్పుకుని పక్కవాడి డబ్బుతో బీరు తాగుతాడు.

"కాస్త మెల్లిగా పోట్లాడుకోండర్రా," పక్కగదిలోంచి కేకేసింది వెర్నా. "టీవీలో ప్రశ్న వినపడి చావట్లేదు."

"నీకోసమే అమ్మా ఈ తంటాలన్నీ," అంటూ హేలీ పేరు కూడా ఎక్కించి, రిటర్ను పంపే మీట నొక్కేశాడు డ్వేన్.

హేలీకి ఏడుపొచ్చింది. కారూ, ఉద్యోగమూ రెండూ కలిసి కళ్ళముందే నాన్న జేబులోకి వెళ్ళిపోయాయి. డ్వేన్ మాత్రం లేచి తీరిగ్గా శాండ్‌విచ్ చేసుకున్నాడు.

అది తిని వచ్చేసరికి రిటర్ను తిరుగుటపాలో వచ్చేసింది. చెల్లదట. ఇందులో ఉన్న ఒకరిని ఇప్పటికే ఇంకెవరో తమ డిపెండెంటుగా చూపించారట.

డ్వేన్ మొహం కందగడ్డలా అయింది. "నాకు తెలియకుండా ఏం వెలగబెట్టావే?"

"నేనింకా నా రిటర్ను ముట్టుకోనేలేదు నాన్నా."

వెర్నా టీవీ కట్టేసి వంటింట్లోకి వచ్చింది. "దాని మీదెందుకురా అరుస్తావు? రిటర్ను పంపింది నేను. చర్చిలో ఉచితంగా చేసిపెడుతున్నారంటే పోయిన నెల వెళ్ళొచ్చాను."

"నిన్ను నేను చూపిస్తున్నాను కదమ్మా, మళ్ళీ నీకెందుకీ గోల? అందులో హేలీ పేరు రాశావా?"

"దాని పేరెందుకు రాస్తాను? దాని తిండి అది తింటోంది. నా ఇంట్లో ఉంటూ నీకు అద్దె కూడా కడుతోంది. దాని డబ్బు దానికే వస్తుంది."

హేలీ కళ్ళు తుడుచుకుంది.

"మరి ఇంకెవరి పేరు రాశావు?" అన్నాడు డ్వేన్.

వెర్నా తాపీగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "నీ మీద ఆధారపడిన పిల్లలెవరైనా ఉన్నారా తల్లీ అని అడిగారు. ఒక్కడున్నాడన్నాను. వయసెంతన్నారు. నలభై ఏడన్నాను."