చివరి హాజరు

రాతి మీద గుడ్డ ఇంకా తీయలేదు. దాని కింద ఏముందో నర్సప్పకు అక్షరమక్షరం తెలుసు. చెక్కింది అతనే.

తాండూరు నాపరాయి. దాని మీద మూడు పేర్లు: అంజిలయ్య, జంగప్ప, బిచ్చయ్య. కింద 1948లో ఒక గురువారం తేదీ. “ఈ పని నర్సప్పే చేయాలి” అని మంత్రిగారు పట్టుబట్టారట. ఆయన మనసు వెన్న అని వికారాబాద్ అంతా చెప్పుకుంది. నర్సప్పకు మాత్రం ఒక్కో పేరూ చెక్కుతుంటే ఉలి తన ఒంట్లోకి దిగినట్టే ఉండింది.

పద్నాలుగేళ్లుగా అతను ఈ ఊళ్లో అడుగు పెట్టలేదు. ఇవాళ పందిరి చివరి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ముందు వరుసలో అంజిలయ్య తల్లి శంకరమ్మ కూర్చుని ఉంది. ఎండ మాడ్చేస్తున్నా గొంగడి కప్పుకుంది. కుడి చెయ్యి గొంగడి లోపలే ఉంది.

ఆ చేతిలో ఏముందో కూడా అతనికి తెలుసు. కొడుకు శవం మీద పడి ఆమె వేసిన ఒట్టు ఊరంతా విన్నది.

“నా కొడుకును పట్టిచ్చినోడు ఎవడో రుజువు గావాలె. గా దినం, మేకలకు కొమ్మలు గొట్టే కొడవలితోనే వాని మెడ గోస్త.”

అప్పట్లో మంత్రిగారు మంత్రి కాదు. ఊళ్లో ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెప్పే చంద్రమౌళి సారు. హైదరాబాదుకు పోయి సాహిత్యం బోధించే ప్రొఫెసర్ అయిందీ, మంత్రి అయిందీ తర్వాతి సంగతి. నిజాం మీద తిరగబడ్డ ముగ్గురు శిష్యులను అనంతగిరి గుట్టల్లో ఒక గుహలో దాచింది ఆయనే. రొట్టెలు చేసింది శంకరమ్మ. మోసింది వాళ్లతో చదువుకునే నర్సప్ప. మరో నరమానవుడికి ఆ చోటు తెలియదు.

ఆ గురువారం నర్సప్ప బడి ఎగ్గొట్టి రొట్టెలు తీసుకుపోయాడు. ముగ్గురూ తిన్నాక ఖాళీ మూట తెచ్చి శంకరమ్మ చేతికిచ్చాడు. మరునాడు పొద్దున ముగ్గురి శవాలూ పోలీసు స్టేషను ముందు పడి ఉన్నాయి. ఎప్పుడు కాల్చారో చూసినవాళ్లు లేరు. రొట్టెలు మోసినవాడే తుపాకులకు దారి చూపించాడని ఊరు తేల్చేసింది.

సారు మాత్రం కోప్పడలేదు. “పసివాడు. బెదిరిపోయి చెప్పి ఉంటాడు. నేను క్షమించాను” అన్నారు పదిమందిలో. సాక్షాత్తూ సారే క్షమించాడంటే ఇంక వీడు చేసినట్టే కదా! ఊరికి మిగిలిన కాస్త అనుమానమూ తీరిపోయింది. నర్సప్ప ఆ వారమే తాండూరు పారిపోయి రాళ్ల పనిలో చేరాడు.

గుడ్డ తొలగించారు. చప్పట్లు మోగాయి. శంకరమ్మ రాయి వంక చూడలేదు. వెనక్కి తిరిగి జనంలో వెతికింది. ఆమె చూపు నర్సప్ప మీద ఆగింది.

పక్కనున్న బీరన్న అతని మోచెయ్యి పట్టుకుని గుంజాడు. “ఇంకా గీడనే నిలబడ్డవేందిరా? ముసల్ది నిన్నే చూస్తున్నది. జల్ది పో.”

“యాడికి పోవాలె అన్నా? పద్నాలుగేండ్లు ఉరికిన. ఇగ నాతోని గాదు.”

మంత్రిగారు మైకు ముందుకు వచ్చారు. ఈ ఉపన్యాసం వినడానికి హైదరాబాదులో జనం ఎగబడతారు. ఈ ఊళ్లో ఇదే మొదటిసారి.

“ఆ గురువారం...” ఆయన ఒకసారి రాయి వంక చూశారు. “ఉదయం పది గంటలు. వార్త అప్పటికే నా చెవిన పడింది. అయినా హాజరుపట్టీ తెరిచాను. పేర్లు పిలుస్తూ పోతున్నాను. అంజిలయ్య దగ్గర నా నాలుక ఆగిపోయింది. చచ్చిపోయిన పిల్లలను ఏ గురువు పేరు పెట్టి పిలవగలడు? ముగ్గురినీ దాటేశాను. ఎర్రసిరాతో గీత కొట్టాను. అదే ఆ బడిలో చివరి హాజరు.”

పందిరంతా ఏడ్చింది. కలెక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

శంకరమ్మ ఏడవలేదు. లేచింది. జనం పక్కకు తప్పుకున్నారు. ఆమె తిన్నగా నర్సప్ప దగ్గరికే వచ్చింది. గొంగడి లోపల చెయ్యి కదిలింది.

నర్సప్ప కళ్లు మూసుకుని మెడ వంచాడు. కొడవలి పడలేదు. ఆమె ఎడమ చెయ్యి అతని భుజాన్ని గట్టిగా పట్టుకుంది. కళ్లు తెరిచి చూస్తే, ఆమె చూపు అతని మీద లేదు, వేదిక మీద ఉంది.

పద్నాలుగేళ్ల తర్వాత మొదటిసారి అతన్ని పేరు పెట్టి పిలిచింది.

“నర్సప్పా, గా గురువారం పగటి పన్నెండింటి బండి కూసినంకనే గదరా, నా కొడుకు నీ చేతి రొట్టె తిన్నది?”