అక్కాచెల్లెళ్ళ కథ

మా ఆయనకు భక్తి లేదు. కుట్టుమిషను పక్కన బైబిలు పెట్టుకుని, అందులోని మనుషుల గొడవలు చదువుకుంటారు. ఈ వారమంతా యాకోబు కథే. మామ చిన్నకూతురు రాహేలు కోసం ఏడేళ్ళు చాకిరీ చేస్తే, ఆ మామ మోసం చేసి పెద్దకూతురు లేయాను కట్టబెట్టాడట. తర్వాత రాహేలునూ చేసుకుని, ఆమె కోసం మరో ఏడేళ్ళు చాకిరీ చేశాడట.

వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయనగారూ మొదట మా చెల్లెల్ని చూడటానికే వచ్చారు. పెద్దది ఉండగా చిన్నదానికెలా అని మా నాన్న నన్ను అంటగట్టారు. లేయాకు కళ్ళు సరిగా ఆనవట. నాకూ అంతే. సూదిలో దారం ఈయనే ఎక్కించి ఇవ్వాలి.

కొలతలివ్వడానికి వచ్చిన మా చెల్లెలు అద్దంలో చూసుకుంటూ, "పాపం యాకోబు! రాహేలంటే ప్రాణం కదా బావా?" అంది.

నేను కత్తెర ఠపీమని బల్ల మీద పెట్టాను.

"ప్రాణమే," అన్నారాయన, సూదిలో దారం ఎక్కిస్తూ. "కానీ పోయేముందు కొడుకుల్ని పిలిచి, నన్ను లేయా ఉన్న సమాధిలోనే పెట్టండర్రా అన్నాడు."

సూది నా చేతికిచ్చారు.

చెల్లెలు గబుక్కున బైబిలు లాక్కుంది.

"ఏదీ? ఎక్కడుందలా?"