నాలుగో మంచం రీడింగు

ఉదయం పదీ ఇరవైకి ఆసుపత్రి కింది అంతస్తులో ఉన్న సాఫ్ట్‌వేర్ గది నుంచి ఒక ముసలాయనను బయటికి పంపించేశారు.

పంపించమన్నది టీం లీడర్. పదకొండుకు డైరెక్టర్ వస్తాడు. వార్డులోని మంచాలన్నిటి ఆక్సిజన్ రీడింగులూ ఒకే స్క్రీన్ మీద చూస్తాడు. సరే అంటే మిగతా అంతస్తుల పనీ లీడర్‌కే. కాదంటే నెలాఖరుకు ఉద్యోగం ఊడుతుంది.

రీడింగు తెచ్చేది సెన్సర్ కంపెనీ సి భాషలో రాసి ఇచ్చిన పాత లైబ్రరీ ప్రోగ్రాం. అది చెప్పింది పైథాన్‌లో రాసిన స్క్రీన్ ప్రోగ్రాంకు అందించడానికి లీడర్ మధ్యలో రాపర్ అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. రోగి వేలికి పెట్టిన క్లిప్పు ఊడితే సి ప్రోగ్రాం రీడింగు లేదనడానికి గుర్తుగా మైనస్ ఒకటి పంపుతుంది. పాత అంకెను మాత్రం చెరపదు.

క్లిప్పు కదిలినప్పుడల్లా స్క్రీన్ ఎర్రబడుతోందని, ఆ మైనస్ ఒకటిని పట్టుకునే రెండు లైన్లను లీడర్ ముందురోజు రాపర్ నుంచి తీసేశాడు. ఇక క్లిప్పు ఊడినా స్క్రీన్ మీద పాత అంకే నిలిచి ఉంటుంది.

కొత్తగా చేరిన అమ్మాయి వద్దనబోయింది. డైరెక్టర్ సంతకం పడ్డాక ఎన్ని లైన్లు కావాలంటే అన్ని పెట్టుకోమన్నాడు.

ముసలాయన గళ్ల చొక్కా వేసుకుని, గోడ పట్టుకుని వచ్చాడు. రెండు మాటలకోసారి ఆగుతున్నాడు. మెట్లు దిగిన ఆయాసం అనుకున్నారు.

“ఊపిరాడట్లేదు అంటే... నర్సమ్మ స్క్రీన్ చూసి, బాగానే ఉందంటోంది బాబూ.”

“ఏ మంచం?”

“నాలుగు.”

లీడర్ స్క్రీన్ చూశాడు. తొంభై ఏడు.

“మీ పేషెంటు నాకంటే బాగున్నాడు పెద్దాయనా. నాకు కొలిస్తే ఇంత రాదు.”

గదిలో నవ్వారు.

“క్లిప్పు తీసేశాను. అయినా... అదే అంకె.”

ఎందుకో లీడర్‌కు తెలుసు. గొంతు పెంచాడు.

“ఎవరు తీయమన్నారు మిమ్మల్ని? పేషెంట్ల క్లిప్పులు పీకితే పోలీసులకి పట్టిస్తా.”

“పేషెంటు...” అని మొదలుపెట్టాడు ముసలాయన. అప్పటికే గార్డు భుజం పట్టుకున్నాడు.

పైకి వెళ్లి ఒకసారి చూసొస్తానంది అమ్మాయి.

“కూర్చోమ్మా. ఇలాంటి చుట్టాలు మంచానికి నలుగురుంటారు. అందరి వెనకా తిరుగుతావా?”

డైరెక్టర్ చెప్పిన వేళకే వచ్చాడు. స్క్రీన్ మీద ఒక్క ఎరుపూ లేదని మెచ్చుకున్నాడు. సంతకం పెట్టి వెళ్లాడు.

కాసేపటికి వార్డు నుంచి, అప్పుడే డ్యూటీకి వచ్చిన నర్సు ఫోన్ చేసింది. మెట్ల మలుపులో ఒక ముసలాయన పడి ఉన్నాడని, ప్రాణం లేదని చెప్పింది. మీ గదిలోంచే వచ్చాడని గార్డు అంటున్నాడు, ఎవరని అడిగింది.

“నాలుగో మంచం వాళ్ల చుట్టం. ఆ పేషెంటునే అడగండి” అన్నాడు లీడర్.

నర్సు ఫోన్ పక్కన పెట్టి వెళ్లింది. కేసు షీటు చూసి తిరిగొచ్చింది.

“నాలుగో మంచానికి చుట్టాలెవరూ లేరు సార్. పోయినాయనే పేషెంటు.”

అప్పటికి స్క్రీన్ మీద నాలుగో మంచం రీడింగు తొంభై ఏడు.