బీరపందిరికి మగపువ్వు

ఒంగోలులో కూరగాయల కొట్లు మూతబడి పదేళ్లయింది. ఎవరి కూర వాళ్ల పెరట్లోనే పండాలి. ఊళ్లో తేనెటీగలు కూడా లేవు. అందుకని బీరపూలు విచ్చే సాయంత్రం వేళకి వీధంతా పుప్పొడి అద్దడానికి దూదిపుల్లలు పట్టుకుని పందిళ్ల కింద నిలబడుతుంది.

హైమావతి పందిరి నిండా పూలే గానీ పిందెలన్నీ పసుపెక్కి రాలిపోతున్నాయి. విరగకాస్తుందని ఆమె కొన్న కొత్త విత్తనం అన్నీ ఆడపూలే పూసింది. "పుప్పొడి కావాలి" అని తీగకేం కావాలో చెప్పడానికి పందిరికి కట్టిన మాట్లాడే పెట్టె పొద్దస్తమానం ఒకటే పోరు. ఇంట్లో వారం నుంచీ గోంగూరే.

మగపూలు ఉన్నది పక్కింటి మస్తానమ్మ నాటుతీగకి. "ఆ పాత విత్తనాలు ఇంకా ఎందుకక్కా" అని హైమావతి నవ్విన రోజు నుంచీ ఆవిడ పలకరించడం మానేసింది.

చివరికి హైమావతే సిగ్గు చంపుకుని గోడ దగ్గరికి వెళ్లింది.

"అక్కా, ఒక్క మగపువ్వు ఇస్తావా?"

మస్తానమ్మ తల తిప్పలేదు. అయిదు పూలు తెంపి గోడ మీద పెట్టింది.

"ఇవి పొద్దుటికి వాడిపోతాయి. రేపు మళ్లీ రావాలి నువ్వు," అంది. "గోడ మీంచి కాదు, గుమ్మంలోంచి రా."