ఎడమవైపు గ్లేసియర్

అలాస్కాలో మా పడవ బయలుదేరి చాలాసేపైనా పొగమంచు విడలేదు. రెండు పక్కలా కొండలున్నాయని కెప్టెన్ మైకులో చెబుతున్నాడు గానీ, మాకు రెయిలింగు దాటి ఏమీ కనబడలేదు.

షుగరు మా చెల్లెలు రూతు కళ్లను దెబ్బతీసింది. మిగిలిన కాస్త చూపూ ఏ రోజైనా పోవచ్చని డెట్రాయిట్‌లో డాక్టరు చెప్పాడు. ఆలోగా ఒక్కసారి గ్లేసియర్, కొండల మీంచి దిగే మంచునది, చూడాలని తనే టికెట్లు బుక్ చేసింది.

"పెద్దక్కా, అందరికోసం ఉపవాసాలుంటావే, ఈ పొగమంచు సంగతి కూడా ప్రభువుతో కాస్త మాట్లాడకూడదూ?" అని నవ్వింది.

"చాల్లే నీ ఎగతాళి" అన్నాను. అయినా కళ్లు మూసుకుని ప్రార్థించాను. నా చేతిలో ఇంకేముంది?

ఒక్కసారిగా జనం కేకలు పెట్టారు. కళ్లు తెరిచేసరికి పొగమంచు విడిపోయి ఉంది. ఎడమవైపు, నీళ్లదాకా దిగి, నీలంగా మెరుస్తూ గ్లేసియర్.

"చూశావా పెద్దక్కా, నీ మాట విన్నాడు! అబ్బ, ఎంత తెల్లగా ఉందో!" అంది రూతు.

తను కుడివైపు తిరిగి, నల్లటి రాతికొండ కేసి చూస్తోంది.

ప్రభువును ఇంకేమడగాలో నాకు తోచలేదు. తన భుజాలు పట్టుకుని మెల్లగా ఎడమవైపు తిప్పాను.

"ఇటు ఇంకా బాగుంది, చూడమ్మా" అన్నాను.

గ్లేసియర్ మీది చలిగాలి తన ముఖానికి తగిలింది.

"అవును పెద్దక్కా, ఇటే బాగుంది" అని రూతు కళ్లు మూసుకుంది.